నలభై మీద గుండీ

కుట్టు మిషన్ పక్కన కూర్చుని అమ్మమ్మ చొక్కాకు గుండీలు కుడుతోంది. కింద నేల మీద మనవరాలు లెక్కల పుస్తకం తెరుచుకుని ఉంది.

“ఆ పెద్ద కత్తెర ఇలా ఇవ్వు అమ్మమ్మా.”

“దేనికి?”

“పిలుపు కార్డు ఇంకొకటి కొయ్యాలి. ముప్పై తొమ్మిది కోసేసరికి నా చిన్న కత్తెర మొద్దుబారింది.”

“గుడ్డ కత్తెరతో కాగితమా? వేళ్ళు విరుస్తా. అయినా ఇంకో కార్డెందుకు, ముప్పై తొమ్మిది మంది చాలు.”

“నలభై మంది పడతారు. అసమీకరణం వేసి చూశాను.”

“నా చేతిలో సూదుంది. నాకు చెప్పకు.”

“చెప్తా. నువ్వు మిషన్ పని మానేసే రోజు పెట్టే భోజనాలకి ఐదు వేలు దాటకూడదన్నావు. హాలు అద్దె వెయ్యి. మనిషికి వంద. వచ్చేవాళ్ళు ఎక్స్...”

“ఎక్సెవరు? నేను పిలిచానా?”

“నవ్వించకు, గీత వంకరపోతుంది. వంద ఎక్స్‌కి వెయ్యి కలిపితే ఐదు వేలు, లేదా అంతకంటే తక్కువ. వెయ్యి తీసెయ్. వందతో భాగించు. ఎక్స్ నలభై, లేదా అంతకంటే తక్కువ. నీ టేపు పరుస్తున్నా. ఇదే మన సంఖ్యారేఖ.”

“సున్నాకి ఇటుపక్క ఏముంటుంది?”

“మైనస్ అంకెలు. మైనస్ మనుషులుండరు కాబట్టి మనకక్కర్లేదు.”

“ఉండకేం. మా చెల్లెలుంది. అక్కడ కూర్చోబెట్టు.”

“చూశావా, చిన్నమ్మమ్మ ఊసు నువ్వే ఎత్తావు.”

“నేనెక్కడ ఎత్తాను? మాటలాగి పదకొండేళ్ళయింది.”

“పాపం ఏం చేసింది? నీ కత్తెరతో ఒక్క కాగితం కోసింది.”

“ఒక్కటి కాదు. గోడకి అంటించడానికి పువ్వులు, పదహారు. మర్నాడు పట్టుగుడ్డ మీద పెడితే కత్తెర నమిలేసింది. అడిగితే నవ్వింది.”

“నీకు నవ్వు రాలేదా?”

“వచ్చింది. ఆపుకున్నా. నీ గీత సంగతి చూడు.”

“నలభై దగ్గర నా చేతి గాజు పెడితే బోలు సున్నా. అంటే నలభై లెక్కలోకి రాదు. గుండీ పెడితే వస్తుంది.”

“గాజే పెట్టు.”

“మనిష్టమా? నలభై మందికి నాలుగు వేలు, హాలుకి వెయ్యి. ఎంత?”

“ఐదు.”

“దాటిందా?”

“అంచు మీదుంది.”

“అయితే గుండీయే.”

“గుండీకీ చిల్లులున్నాయిగా.”

“గుడ్డ తొడిగిన గుండీ ఉంది, ఇదిగో. ఇక్కణ్ణుంచి సున్నా దాకా అందరూ మనవాళ్ళే. గుండీ పెట్టిన నలభయ్యో కుర్చీ మాత్రం ఖాళీ.”

“ఉండనీ. నా సంచీ పెట్టుకుంటా.”

“సంచీకి వంద పెట్టి భోజనమా?”

“నువ్వెళ్ళి మొహం కడుక్కో. ముక్కు మీద సిరా.”

“వెళ్తున్నా. గుండీ కదిపావో, చూడు.”

మనవరాలు మొహం కడుక్కుని వచ్చేసరికి వాళ్ళమ్మ బయటినుంచి వచ్చి మిషన్ దగ్గర నిలబడింది.

“ఏమే, వీధి తలుపు బార్లా తీసుంది. అమ్మమ్మేది?”

“ఇప్పటిదాకా ఇక్కడే కుడుతోందమ్మా. అరె, చెప్పులు లేవు. నాకు ఒక్క మాటైనా చెప్పలేదే.”

“సూది చొక్కాకే వదిలేసింది. టేపు మీద ఈ గుండీ ఏమిటి?”

“దాన్ని కదపకమ్మా. అది చిన్నమ్మమ్మ.”

“పిచ్చి మాటలూ నువ్వూ. కార్డు కోసిన ముక్కలన్నీ మిషన్ మీదే పడేశావు, గుడ్డ కత్తెరకి కూడా అంటుకున్నాయి. అమ్మమ్మ చూస్తే ఊరుకుంటుందా?”

“నేను కొయ్యలేదమ్మా. నా కత్తెర నా జేబులోనే ఉంది.”