బుల్లెమ్మకి ఇల్లు దొరకని అమావాస్య

ఈ లంకలపేటలో నాకు తెలియని సందు లేదర్రా! కళ్లకి గంతలు కట్టి వదిలేసినా, ఏ గడప ఎవరిదో కాలి బొటనవేలితో తడిమి చెప్పేస్తాను. ఆ, నవ్వకండి. మొన్న కరెంటు బిల్లు కడదామని వెళ్లి బ్యూటీ పార్లర్లో కూర్చున్న మాట నిజమే. కరెంటాఫీసు ఉండాల్సిన చోట అది ఉంటే తప్పు నాదా? ఆ పిల్ల మర్యాదగా, ఫేషియలా తాతగారూ అని అడిగింది, నేనూ అంతే మర్యాదగా మీటరు నంబరు చెప్పాను.

సరే, కుర్చీలు దగ్గరికి లాక్కోండి. ఈ సెల్లారులో కార్ల మధ్య కూర్చుని దెయ్యం కథ చెబుతుంటే నాకే నమ్మకం కుదరదు గానీ, మీ స్కూటర్లు పెట్టుకునే ఈ చోటే ఒకప్పుడు మా అరుగు, కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

చింతచెట్టు సెంటరుంది కదా, మిట్టమధ్యాహ్నం అక్కడ ఒక్క ఆటో అయినా ఆగుతుందా? పొద్దునపూట కొట్టుకు చస్తారు సీటు కోసం, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి అందరూ పెట్రోలు బంకు పక్కకి జారుకుంటారు. ఎందుకంటారు? అసలు ఆ సెంటర్లో చింతచెట్టేదీ? ఒరేయ్ తారక్, నీకు మీసాలొచ్చాయి, ఎప్పుడైనా చూశావా? చూడవు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. చెట్టు పోయింది, పేరు మాత్రం పోలేదు, ఇప్పటికీ ఆటోవాళ్లు చింతచెట్టు, చింతచెట్టు అని గొంతు చించుకుంటూనే ఉంటారు. ఇదిగో, ఆ కేకతోనే వచ్చింది చిక్కంతా.

ఎలాగంటే, శ్మశానానికి తీసుకెళ్లేటప్పుడు దారిలో ఒకచోట పాడె దించి, చెవి దగ్గర నోరు పెట్టి పేరుతో పిలుస్తారు, ప్రాణముంటే పలుకుతారేమోనని. దింపుడుకళ్లం అంటారు దాన్ని. మన పేటకి ఆ చోటు ఆ చెట్టు కిందే. అంటే పోయినవాళ్లు తమ పేరు ఆఖరిసారి విన్నది అక్కడే. మళ్లీ ఇంటికి రావాలంటే వాళ్లకి తెలిసిన మొదటి గుర్తు అదే. మరి అదే లేకపోతే?

అక్కడే పిలిచారు బుల్లెమ్మని కూడా. మా వీధిలో బుల్లెమ్మంటే హడల్. దారిన పోయే ఏ పిల్లాడి చెవైనా సరే, తనదే అన్నట్టు మెలిపెట్టేది. కోడలు సీతారత్నం గారెలు వండితే, చిల్లు మధ్యలో లేదే అని వంక పెట్టి, వంక పెట్టినవన్నీ తనే తినేసేది. అత్తాకోడళ్లు అలా చిల్లుల మీద పోట్లాడుకుంటూ చాలాకాలం హాయిగా ఉన్నారు.

ఆవిడ పోయాక రోడ్డొచ్చింది. ఇంటి ముందు భాగమంతా రోడ్డుకీ కొట్లకీ పోయింది, వీధిగుమ్మం ఉన్నచోట గోడ లేచింది, వెనకాల పెరట్లోంచి కొత్త గుమ్మం పెట్టుకున్నారు. తూర్పు మొహం ఇల్లు కాస్తా పడమటి మొహమైపోయింది. ఆ ఏడు పెద్దల అమావాస్యకి కొడుకు వీరభద్రం విస్తరి తీసుకెళ్లి కొత్త గుమ్మం పక్క గోడమీద పెట్టాడు. కాకి రాలేదు. మరుసటేడూ రాలేదు. ఆ పై ఏడు వచ్చింది గానీ, పక్కింటి విస్తరి మీద వాలి, వీళ్లదాన్ని ఓరగా చూసి ఎగిరిపోయింది. వీరభద్రానికేం, చేతులు కడుక్కుని లోపలికి పోయాడు. మాట పడేది వండినావిడ కదా! అత్తని బతికుండగా ఏడిపించుంటుంది, అందుకే ముట్టట్లేదు అని వీధి వీధంతా అనుకోవడం మొదలెట్టింది. సీతారత్నం ఏటేటా ఇంకో పిండివంట పెంచుకుంటూ పోయింది, ఎవరూ ముట్టని విస్తరి పెద్దదవుతూ పోయింది. పైకి అనేది కాదు గానీ, అత్త నిజంగానే అలిగిందేమోనని పాపం ఆవిడ సగమైపోయింది.

ఇంతలో ఒక ఆటో కుర్రాడికి జ్వరం తగులుకుంది. ఏమయ్యిందిరా అంటే, మిట్టమధ్యాహ్నం ఒక ముసలమ్మ ఎక్కిందిట, పచ్చచీర, నల్లంచు, చింతచెట్టు దగ్గర దింపు నాయనా అందిట. వీడు సెంటర్లో ఆపి, ఇదే మామ్మా దిగు అన్నాట్ట. ఆవిడ పైకి చూసి, ఏదిరా చెట్టు అందిట. వీడు వెనక్కి తిరిగితే సీట్లో మనిషి లేదు, చారెడు చింతాకు ఉంది. పచ్చిది. మన పేటలో చింతాకు కావాలంటే సంతకి పోవాలి, తెలుసుగా?

ఆ చీర రంగు విని పేటంతా తలుపులు వేసుకుంటే, సీతారత్నం ఒక్కతే తలుపు తీసుకుని తిన్నగా నా దగ్గరికొచ్చింది. అత్తని పాడె ఎక్కించేటప్పుడు ఆ చీర తనే కట్టి పంపింది మరి. గవర్రాజు బాబాయ్, అత్త అలగలేదు, అత్తకి ఇల్లు దొరకలేదు అంది. ఆ మొహం చూడాలి మీరు, ఎన్నేళ్ల బరువో దించుకున్నట్టుంది. దింపుడుకళ్లం దగ్గర్నుంచి పాతదారినే తీసుకురావాలి, సందులన్నీ నీకు తెలుసని చెప్పుకుంటావుగా, ముందు నడువు అంది. నేను చెప్పుకునే మాటని నా మీదకే తిప్పింది, ఏం చెయ్యను?

అమావాస్యనాడు నడిమధ్యాహ్నం, సెంటర్లో సీతారత్నం చేతిలో గారెల విస్తరి పట్టుకుని, అత్తా, అత్తా, బుల్లెమ్మత్తా అని పిలిచింది. ట్రాఫిక్కు కానిస్టేబులు విజిలు నోట్లోనే ఉంచుకుని చూస్తుండిపోయాడు. గాలి లేదు, అయినా మాకు చింతపూత వాసన తగిలింది. ఇటు రా అత్తా అంటూ నడక మొదలెట్టింది, ముందు నేను, మధ్యలో ఆవిడ, వెనకాల ఎవరో నాకు తెలీదు, తిరిగి చూడలేదు.

పాతదారి సినిమా హాలు పక్కనుంచి పోయేది. ఇప్పుడక్కడ బట్టల షోరూము కదా, అందులోకే పోయాం. చీరలు ఏ రేంజిలో చూపించమంటారమ్మా అని సేల్సుపిల్ల అడిగితే, మాకొద్దు, దారిలో ఉన్నాం అంది సీతారత్నం. ఓనరు అడ్డమొచ్చాడు. గారెల నూనె చీరల మీద పడితే ఎవరిది పూచీ అన్నాడు. మా అత్త ఈ హాల్లో నేలటిక్కెట్టు మీద చూడని సినిమా లేదు, ఆవిడకి అడ్డం నిలబడతావా, నిలబడు చూద్దాం అంది. మా వెనకాల అద్దంలో వాడికేం కనబడిందో గానీ, పక్కకి తప్పుకుని చెప్పులు కూడా విప్పేశాడు.

అక్కణ్ణించి నుయ్యి. నుయ్యి పూడ్చి ఏటీఎమ్ పెట్టారు కదూ. లోపల డబ్బు తీసుకుంటున్న ఒక మాస్టారిని, కాస్త జరగండి అని, ఆ గదిలో ఒక క్షణం ఆగింది. దేనికే అంటే, అత్త ఇక్కడ కాళ్లు కడుక్కోకుండా ఇంటికి రాదు బాబాయ్ అంది. ఆగాం. గిలక కిర్రుమంది. తర్వాత చూస్తే మాస్టారి పాంటు మోకాళ్ల దాకా తడి!

ఆ పైన సందు. గేదె ఎదురొస్తే మనిషి వెనక్కి నడవాల్సిన సందది, ఇప్పుడు వరసగా సెల్‌ఫోన్ కొట్లు, అన్నీ అద్దాలే. సరైన కొట్లో దూరి చివరిదాకా పోతే గోడ. గోడకవతలే వాళ్ల పాత వీధిగుమ్మం చోటు. చుట్టూ తిరిగి పోదామా అన్నాను. ఇంతదూరం తీసుకొచ్చి మళ్లీ తప్పించమంటావా అని, నన్ను తినేసేలా చూసి, కొట్టువాణ్ణి నిచ్చెన అడిగి, చీరకుచ్చిళ్లు బొడ్లో దోపి, ఆ వయసులో గోడెక్కి కూర్చుంది సీతారత్నం. విస్తరి పక్కన పెట్టి, ఇదిగో అత్తా, ఇదే మన గుమ్మం, ఇటుపక్క వంటిల్లు, నేను మార్చలేదు, రోడ్డు మార్చింది అంది.

కాకి వచ్చింది. ఒక గారె ముక్కుతో తిరగేసి చూసి పక్కకి తోసేసింది. రెండోదీ తోసేసింది. చిల్లు మధ్యలో లేదా అత్తా అని సీతారత్నం అడిగింది. అప్పుడు తింది కాకి. తోసేసినవి కూడా వదల్లేదు. వీధిలో నోళ్లున్నవాళ్లంతా గోడ కింద మూగారు, ఆవిడ దిగేటప్పుడు నిచ్చెన పట్టుకుంది వాళ్లే.

అదర్రా సంగతి. బుల్లెమ్మకి ఇప్పుడు ఇల్లు తెలుసు, అయినా అప్పుడప్పుడు సెంటరుకొస్తుంది, దారి తప్పినవాళ్ల కోసం. కాబట్టి మిట్టమధ్యాహ్నం అటు పోకండి. పోయినా దిక్కులు చూస్తూ నిలబడకండి. చెవులు జాగ్రత్త.

ఏంటి తారక్, నా చెవెందుకు ఎర్రగా ఉందంటావా? కనిపెట్టేశావూ! సరే, చెప్పేస్తాను. ఆ రోజు సెల్‌ఫోన్ కొట్ల ముందు ఏ అద్దంలో దూరాలో నాకు తెలియలేదు. ఎండుచెయ్యి ఒకటి నా చెవి మెలేసి, అటు కాదురా వెధవా, ఇటు అంది. దారి చూపించింది నేను కాదు. మొన్న ఆ బ్యూటీ పార్లర్ నుంచి నన్ను ఇంటిదాకా తీసుకొచ్చింది కూడా ఆ చెయ్యే.