సెలూన్ మామ పారద్రోలిన ఫోన్ దొంగ

ఫోన్లో దొంగని పట్టుకోవడం పెద్ద విద్యేం కాదన్నాడు సెలూన్ మామ, మాస్టారి గడ్డానికి నురగ పూస్తూ. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. కత్తి మెడ దగ్గరున్నప్పుడు మామ మాటకి ఎవరూ అడ్డు రారు. అందుకే ఆయన కథలన్నీ గడ్డాల దగ్గరే మొదలవుతాయి.

"నిన్న పొద్దున ఒకడు బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేశాడు. ఖాతా ఆగిపోతుంది, వచ్చిన ఓటీపీ చెప్పండి అన్నాడు. గొంతు వినగానే కనిపెట్టేశా. కావాలనే తప్పు అంకెలు చెప్పా. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మామా?" అన్నాడు బల్ల మీద కూర్చున్న దర్జీ.

మామ గుమ్మం వైపు చూశాడు. బ్యాంకుకి వెళ్లిన అత్త అప్పుడే లోపలికొస్తోంది.

నిన్నంతా ఆయన అన్నం ముట్టలేదని ఆవిడకి తెలుసు. "ఓటీపీ చెప్పేశానే, మూడోసారి వాడు టక్కున ఫోన్ పెట్టేశాడు, డబ్బు దొరికిందో ఏమో" అని గోడకి తిరిగి పడుకున్నాడు. ఖాతాలో ఉన్నది ఆయన కంటి ఆపరేషన్ డబ్బు, రెండేళ్లుగా కూడబెట్టింది. బ్యాంకులో అమ్మాయి చెప్పిన మాట ఎక్కడ మర్చిపోతానోనని అత్త అరచేతిలో రాసుకుని, దారంతా వల్లె వేసుకుంటూ వచ్చింది: మూడుసార్లూ తప్పే, ఖాతాకి తాళం పడింది, ఏమీ పోలేదు.

ఆవిడ తలూపింది. మామ గుండెల్లోంచి పెద్ద ఊపిరి వచ్చింది. దాని వెనకే కథ కూడా ఉబ్బింది.

"ఏమవుతుంది? వాడు ఏడ్చాడు. ఫోన్ వాళ్ల మేనేజరుకిచ్చాడు. అక్కడ నాలుగొందల మంది దొంగలు వరసగా కూర్చుని ఉన్నారయ్యా, అందరికీ నా గొంతు వినిపించారు. సిగ్గులేదురా అన్నా. అంతే, కంప్యూటర్లలోంచి పొగ!"

"నేను ఆన్‌లైన్లో గుడ్డ తెప్పిస్తే ఖాళీ అట్టపెట్టె వచ్చింది. నా సంగతీ అడగకపోయావా?" అన్నాడు దర్జీ.

"అడుగుదామనే అనుకున్నానోయ్. మందుల షాపు కంప్యూటరుకి ఆ దొంగలు వేసిన తాళం తీయిస్తూ మర్చిపోయా."

"వాళ్లింకా బిల్లులు చేత్తోనే రాస్తున్నారే?"

"అలవాటైపోయింది పాపం. ఇంతలో నడిసముద్రంలో ఓడ మీద దాక్కున్న పెద్ద దొంగ లైన్లోకొచ్చాడు. గురువుగారూ, ప్రపంచమంతా దొంగతనాలకి ఇవాళ్టికి సెలవిచ్చేశాం అన్నాడు. నిన్న సాయంత్రం భూమ్మీద ఎక్కడైనా ఒక్క దొంగతనం జరిగిందేమో కనుక్కో." కత్తి గాలిలో సున్నాలు చుట్టింది. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

అత్త అద్దం ముందున్న ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. "ఏమండీ, నిన్నటి ఓటీపీ అంకెలు ఇందులో ఇంకా ఉన్నాయి. మొదటిది చదవండి, విందాం."

మామ ఫోన్‌ని చెయ్యి చాచినంత దూరం పట్టుకున్నాడు. "మూడు... ఒకటి... ఆరు..."

దర్జీ లేచి తొంగి చూశాడు. "ఎనిమిది, ఏడు, సున్నా అనుంది మామా."

"ఆయన అబద్ధమాడలేదు నాయనా, నిజంగానే తప్పు చెప్పారు," అంది అత్త. "కళ్లజోడు పెడితే ముసలాడంటారని నామోషీ. కంట్లో శుక్లాలు ముదిరాయి. వాటి కోసం దాచిన డబ్బుని అవే కాపాడాయి."

అప్పుడు మాస్టారు, గడ్డం కదలకుండా, మొదటిసారి నోరు విప్పారు.

"మామా, ముందా కత్తి కింద పెట్టు."

మామ పెట్టాడు. మాస్టారు సగం గడ్డంతోనే లేచి నురగ తుడుచుకుంటుంటే, మామకీ నవ్వాగలేదు.

"రేపే ఆసుపత్రికి," అంది అత్త, మర్చిపోకుండా అరచేతిలో ఆ మాట కూడా రాసుకుంటూ. "అక్కడ కత్తి డాక్టరు చేతిలో ఉంటుంది. కథ ఆయన చెప్తాడు, మీరు వినాలి."