రెండోసారి మోగిన గంట

ఇస్త్రియాలో ఒక కొండ ఊరు. మధ్యాహ్నం దాటింది. వంటింటి బల్ల దగ్గర కూతురు నెవియా కంప్యూటరు ముందు కూర్చుంది. తల్లి ఫూమె కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతోంది.

"చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తానే! పన్నెండింటి చర్చి గంట మోగి ఆగింది. మళ్ళీ మోగిందంటే ఎవరో పోయినట్టేగా మన ఊళ్ళో."

"జ్వానె తాత పోయాడని నువ్వే తేల్చేశావు కదమ్మా."

"ఎనభై దాటినవాడు, గంట తాడు లాగే పని నీ కంప్యూటరు పెట్టెకి పోయాక ఒంటరివాడు, ఇంకెవర్ని అనుకోను? నేనొక్కదాన్నేనా? ఊరంతా ఆయన గుమ్మంలోనే."

"ఆయనేమో తీరిగ్గా బీన్సు ఒలుచుకుంటున్నాడట!"

"నవ్వకు. సాయంత్రం ప్రార్థన గంట సరిగ్గా మోగకపోతే నీ పెట్టె పీకించి మళ్ళీ తాడు కట్టిస్తానన్నారు ఫాదర్‌గారు. ఏడాది కష్టం! పైగా ఇంకెవరూ నీకు పని ఇవ్వరు. నువ్విక పెళ్ళి కూడా..."

"పెళ్ళిదాకా వెళ్ళిపోయావా? ఉండు, వెతకనీ. తప్పేం లేదంటోంది ఈ కంప్యూటరు."

"తప్పు లేకపోతే జ్వానె పక్కింటి లూచియా అంత ఏడుపు ఎందుకేడ్చిందే?"

"చూడు. గంట ఎలా కొట్టాలో మామూలు మాటల్లో రాస్తాను. మధ్యమధ్య కోడ్ ముక్కలు. ప్రతి ముక్కకీ ఓ పేరు. కావాల్సిన చోట పేరు రాస్తే చాలు, ఆ ముక్క వచ్చి అక్కడ కూర్చుంటుంది."

"రాకపోతే?"

"వస్తుందమ్మా."

"ఒకే పేరుతో రెండుంటే? మన సందులో 'మారియా' అని కేకేస్తే ఇద్దరూ తలుపు తీస్తారు."

"ఒకే పేరుతో రెండా? ఉండు, చూడనీ."

"ఏమైంది? ఎందుకలా తెల్లబోయావు? నెవియా!"

"రెండూ వస్తాయి. ఒకదాని వెనక ఒకటి. అది తప్పు కాదు, దీని పద్ధతే అంత. అమ్మా, ఆదివారం ఈ రాత నీకు చదివి వినిపించానే, గుర్తుందా?"

"ఒక్క ముక్క అర్థం కాలేదన్నాను."

"అందుకే 'మధ్యాహ్నం గంట' మళ్ళీ తేలిగ్గా రాశాను, కోడ్‌తో సహా. పాతది తియ్యడం మరిచిపోయాను. పొద్దున రెండూ ఉన్నదే పెట్టెలోకి ఎక్కించాను."

"అంటే నావల్లేనా! అయ్యో, ఫాదర్‌గారికి చెప్పకే!"

"చెప్తాను. మా అమ్మే గంట కొట్టిందని చెప్తాను."

"చంపేస్తాను. ముందు తియ్యి. కొత్తది తీసెయ్, నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు."

"పాతదే తీశాను. నీదే ఉంచాను. ఇదిగో, అసలు గంట కదలకుండా కంప్యూటర్లోనే కొట్టించి చూశాను. ఒక్కసారే. ఇక మోగదు రెండోసారి."

"నిజంగా? ఇంకోసారి చూడు. ఫోను మోగుతోందే... ఫాదర్‌గారే అయ్యుంటారు. నువ్వెత్తు."

"నువ్వెత్తు, తప్పు నీదేగా."

"హలో? జ్వానె బాబాయా! ఏమైంది, ఒంట్లో బాగాలేదా?... ఆఁ... ఆఁ... లేదు, ఇక మోగదు, బాగుచేసేసింది..."

"తిడుతున్నాడా?"

"లేదే. తాడు లాగడం మానేశాక ఇవాళేనట ఆయన ఇంట్లోకి మనిషి రావడం. లూచియా తెచ్చిన సూపు ఇంకా వెచ్చగానే ఉందట. రేపు కూడా రెండుసార్లు కొట్టించమంటున్నాడు."