పెట్టచ్చునా నాయనా

ఆగండి, ఆ కార్డును కవర్లో పెట్టి అంటించొద్దు ఇప్పుడే. ముకేశ్, ఆ టేపు ఇట్లా ఇయ్యి. జననీ, నువ్వూ రా, కూర్చో. ఇందాక ఫోన్లో మీ దినకర్ మామ ఏమన్నాడు? "మేం పండక్కి పూణె వచ్చేలోపలే దాన్ని పంపించేయండిరా, లేకుంటే అవ్వ దానికీ బొట్టు పెట్టేస్తుంది" అన్నాడు. మీరు పడీ పడీ నవ్వినారు. వాడూ నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకా? దాని వెనకాల ఒక కథ ఉంది. మీరు వినలేదు. వినాల్సింది కాదులే అని నేనే ఊరుకున్నా. ఇంత దూరంలో మిమ్మల్ని పెంచతా, ఏది చెప్పాలో ఏది దాచాలో నాకెప్పుడూ తెలియదు. చెప్తే మామ మీద గౌరవం పోతుందేమో, చెప్పకుంటే అవ్వ మీకు ఫోన్లో కనిపించే ముసలామె మాత్రమే అయిపోతుందేమో. రెండు భయాలూ ఉండాయి నాకు.

మీ బొమ్మల కార్డు పరదేశం పోతుంది, అక్కడ భూతద్దం కింద పెట్టి మూలలు, అంచులు, మెరుపు చూసి పదికి ఇంత అని మార్కేస్తారు, మళ్ళీ తెరవడానికి లేకుండా ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపుతారు. ఇదంతా మీరు నాకు నేర్పించాల్సిన పని లేదు. ఈ పిచ్చి మీకంటే ముందు మీ మామకు పట్టింది.

వాడిది క్రికెట్ కార్డు. మేం మా పల్లె కే.జీ.కండిగైలో ఉన్నప్పటిది. అవ్వ తిరుత్తణికి కాయగూరలు ఎత్తుకొని పొయ్యేది, వచ్చేటప్పుడు బస్టాండులో వాడికి బబుల్‌గమ్ము కొనుక్కొచ్చేది. గమ్ముతో ఒక కార్డు వచ్చేది. అన్నిటినీ వీడు గోడకేసి కొట్టి ఆడి పాడు చేసినాడు. ఒక్కదాన్ని మాత్రం అవ్వ లాక్కొని, "ఇది బాగుండాది, దీన్నొకదాన్ని బతకనీరా" అని తన పెళ్ళి చీర మడతలో పెట్టేసింది. దానికి ఎండ తగల్లేదు, చెమ్మ తగల్లేదు, వీడి చెయ్యీ తగల్లేదు.

తర్వాత వీడికి తిరువళ్ళూరులో ఉద్యోగమొచ్చి, పెళ్ళయి, అవ్వను కూడా అక్కడికే పిలుచుకొని పోయినాక ఆ చీరలో నుంచి కార్డు బయటపడింది. చెన్నైలో జీవా అని ఒకాయన, ఇట్లాంటి కార్డులన్నీ పోగేసి మార్కులకు పంపే మనిషి. ఫోటో చూసి రైలెక్కి వచ్చేసినాడు. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసి, "ఏందన్నా, నిన్న అచ్చేసినట్టుండాదే! ఇంత భద్రంగా ఎవరు పెట్టిందన్నా?" అన్నాడంట.

అవ్వ కాఫీ లోటాలు పట్టుకొని అక్కడే ఉంది. మామ ఏమన్నాడో తెలుసా?

"నేనే" అన్నాడు.

చిన్న మాటే కదా? అవ్వ కూడా నవ్వుకుంటానే కాఫీ ఇచ్చి పోయింది.

పంపాలా వద్దా అని వాడు రోజుల తరబడి నలిగిపోయినాడు. మీకు ఆట. వాడికి ఆట కాదు. బళ్ళో ఎప్పుడూ అత్తెసరు మార్కులే వాడికి. పదికి పది అనేది ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. పంపితే ఎనిమిదే వస్తే? పంపకుంటే, పది వచ్చుండేదేమో అని చచ్చేదాకా అనుకుంటా ఉండాల్నా? చివరికి, పండగ పోనీ, ఇచ్చేస్తా అని జీవాకు చెప్పినాడు. పలచని ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి, కార్డును అందులో పెట్టి, దేవుడి గూటి పక్కన నిలబెట్టినాడు.

ఆయుధపూజ ఎట్లా చేస్తుందో మీకు తెలుసు కదా అవ్వ? కండిగై నుంచి తెచ్చిన కొడవలి, కత్తిపీట, మిక్సీ, బండి, టీవీ, అన్నిటికీ గంధం, కుంకుమ. మనకు ఏది అక్కరకొస్తుందో, మనం ఏదంటే ప్రాణం పెడతామో దానికి ఆ పొద్దు బొట్టు లేకుండా ఉండకూడదు. ఆ లెక్కన ఇంట్లో అన్నిటికంటే ముందు దేనికి పెట్టాలి చెప్పండి?

ఆ కార్డుకే కదా!

కవరు మీద పెడితే అది కవరుకు పెట్టినట్టు. అందుకని బయటికి తీసింది. నడిమధ్యలో గంధం పెట్టి, దాని మీద కుంకుమ పెట్టి, కొడవలికి ఆనించి, ముందర బొరుగులు పోసింది. మీరిద్దరూ అక్కడే ఉన్నారు, బొరుగుల్లో పుట్నాలు ఏరుకొని తింటా. జ్ఞాపకముందా? లేదులే, చిన్నోళ్ళు.

మామ గుమ్మడికాయ, అరటి పిలకలు కొనుక్కొని లోపలికొచ్చి చూసినాడు.

అరిచినాడు. పక్కింటోళ్ళు వచ్చి చూసేంతగా అరిచినాడు. "బుద్ధుందామా నీకు? దాన్ని ఎవరు ముట్టుకోమనింది నిన్ను?" అని.

అవ్వకు అర్థమే కాలేదు. "ఇంత ఇదిగా పెట్టుకున్నావే నాయనా, దానికి బొట్టు లేకుండా ఎట్లా?" అనింది.

మధ్యాహ్నం అందరం పడుకున్నాక వాడు దూది తీసుకొని తుడిచినాడు. పొడి దూదితో పోలేదు. రవ్వంత తడిపి తుడిచినాడు. కుంకుమ పోయింది గానీ గంధం ఉన్న చోట మెరుపు కూడా దాంతోనే పోయింది. ఆ తడికి తెల్ల అంచు దాకా ఎరుపు పాకింది. ఇది నాకెట్లా తెలుసంటారా? వాడే చెప్పినాడు, తర్వాతెప్పుడో. వస్తున్నా ఉండండి.

జీవా వచ్చినాడు. చిన్న అద్దం, టార్చిలైటు పట్టుకొని చూసినాడు. ముఖం మారిపోయింది. "అన్నా, దీన్ని తుడిచినారా? బొట్టుతో అట్లే ఇచ్చుంటే మార్కు తగ్గేది, అంతే. తుడిస్తే మార్కే వెయ్యరన్నా. ఏదో చేసినారని తిప్పి పంపేస్తారు. ఎవరు చేసింది ఈ పని?"

అవ్వ మళ్ళీ కాఫీ లోటాలతో అక్కడే ఉంది.

"అమ్మ" అన్నాడు మామ. "తెలియక తుడిచేసింది."

అవ్వ వాడి వైపు చూసింది. ఒక్క చూపే. తర్వాత జీవా వైపు తిరిగి, "అవును నాయనా, నేనే. పల్లెటూరుదాన్ని, నాకేం తెలుస్తుంది?" అనింది. లోటా ఆయన చేతికిచ్చింది.

చూడండి మరి. బాగా దాచింది ఆమె, వాడు నేనే అన్నాడు. చెడగొట్టింది వాడు, ఆమె నేనే అనింది.

కథ అయిపోలేదు జననీ, ఏడుపు ముఖం పెట్టొద్దు. నాకు అసలు బాధ తర్వాతిది.

మరుసటేడు పండగకు కూడా మనం పోయినాం. గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకొని అవ్వ నిలబడింది. కొడవలి దగ్గరికి పోయి, "దీనికి పెట్టచ్చునా నాయనా?" అనింది. మామ తల ఊపినాడు. మిక్సీ దగ్గర, "దీనికి పెట్టచ్చునా? మరక పడదు కదా?" బండి దగ్గరా అంతే. టీవీ దగ్గరా అంతే. ఎగతాళి కాదు, కోపం కాదు. బడిలో చేరిన బిడ్డ టీచరమ్మను అడిగినట్టు అడిగింది.

మీ అత్త చంకలో యశశ్విని ఉంది, చిన్న బిడ్డ. అవ్వ వేలు కుంకుమలో ముంచి, బిడ్డ ముందర ఆగి, కొడుకు వైపు చూసింది.

"బిడ్డకు పెట్టచ్చునా నాయనా?"

మీ అత్త నవ్వింది, "ఏందత్తా ఇది, బిడ్డకు కూడా అడుగుతారా?" అని. ఆమెకు ఏమీ తెలియదు, పాపం. మామ చేతిలో బండి తుడిచే గుడ్డ ఉంది. దాన్ని మడిచినాడు, విప్పినాడు, మళ్ళీ మడిచినాడు. 'పెట్టుమా' అనే మూడు అక్షరాలు వాడి నోట్లో నుంచి రాలేదు. అవ్వ వేలి కొసతో తాకీ తాకనట్టు పెట్టింది. అంటుకుంటుందేమో అని భయపడినట్టు.

మమ్మల్ని రైలెక్కించడానికి వచ్చినప్పుడు స్టేషన్లో చెప్పినాడు నాకంతా. బండి వచ్చేదాకా తలెత్తలేదు. "నన్ను దెప్పిపొడవాలని అడగడం లేదక్కా ఆమె. నిజంగానే అడుగుతుంది. తిట్టినా బాగుండు" అన్నాడు. "పొయ్యి అమ్మతో చెప్పరా, తప్పు నాదని" అన్నా. సరే సరే అన్నాడు. చెప్పలేదు. ఇన్నేళ్ళయింది. ఆ కార్డు ఈ పొద్దుకీ బీరువాలో, తువ్వాల కింద ఉంది. ఎవరికీ చూపించడు. ఆ నోరు తెరవలేకనే బొట్టు మాట జోకు చేసుకున్నాడు. అడిగితే నవ్వుతాడు. ఏం చేస్తాం!

ఇదిగో టేపు. పంపుకోండి మీ కార్డు. పదికి పది వస్తే నాకూ సంతోషమే, నేను వద్దనను. ఈ పొద్దే అంటిస్తారో, అవ్వ వచ్చి పండగ చేసినాక అంటిస్తారో, అది మీ ఇష్టం.

అయితే ఒకటి. యశశ్విని వస్తుంది కదా వాళ్ళతో. మొన్న ఫోన్లో ఏమనింది? "మా అవ్వ భలే తమాషా అత్తా, బొట్టు పెట్టడానికి కూడా నన్ను పర్మిషన్ అడుగుతుంది" అనింది. ఆమెకు అది తమాషా. వాళ్ళ నాయన చెప్పడు. నేను చెప్తే తమ్ముడి మీద చాడీ చెప్పినట్టుంటుంది. మీరు చెప్పండి, మెల్లిగా, మీ మామను తిట్టకుండా. చెప్పి, ఈసారి అవ్వ అడగకముందే నుదురు ముందుకు పెట్టమనండి.