సంచిలో చాంతాడు

ఆ కార్తీక పున్నమి పొద్దున తెనాలి మీద మబ్బు నల్లగా కమ్ముకుంది. కొత్త దంపతులు సముద్రస్నానానికి బయలుదేరుతున్నారు.

"నిజాంపట్నం పోదామా? రేపల్లె బస్సు దొరుకుద్ది."

"వద్దండీ. అది మా పుట్టింటి వైపు. ఆ నీళ్లు మళ్లీ చూడలేను."

"అయితే బాపట్ల రైలెక్కి సూర్యలంక పోదాం. అంత మంచి ఇసుక ఇంకెక్కడా ఉండదు."

"ఇసుక సంగతి ఎందుకండీ. అక్కడ తాడిచెట్లున్నాయా?"

"స్నానానికి పోతూ తాడిచెట్లేంటే? కల్లుగానీ తాగుతావా ఏంటి?"

ఆమె నవ్వలేదు. సంచి ఎత్తబోతే అతని చేతికి బరువు తగిలింది. పులిహోర గిన్నె కింద బావి చాంతాడు చుట్టలు చుట్టి ఉంది.

"ఇదెందుకే?"

"ఏడేళ్ల కిందట ఉప్పెనలో మా నాన్న నన్ను తాడిచెట్టుకి కట్టేశాడండీ. అందుకే బతికాను."

"మరి మీ అమ్మ?"

"ఇంట్లో ఒక్క తాడే ఉందండీ."

అతను అటక మీద నుంచి ధాన్యం బండికి కట్టే మోకు దించి, అది కూడా సంచిలో కుక్కాడు.

"పద. తాడిచెట్టు కనపడ్డ చోటే స్నానం."

మధ్యాహ్నం సూర్యలంకలో తాడిచెట్టు మొదట్లో కూర్చుని, అలల మీంచి చూపు తిప్పకుండా, ఇద్దరూ పులిహోర తిన్నారు. రెండు తాళ్లూ వాళ్ల మధ్యే ఉన్నాయి.