మంచిగనే ఉన్న బాపు

కరోనా మాస్కుల రోజులు. ఆసిఫాబాద్ బస్టాండులో ఒక బెంచీ. కంటి డాక్టరు దగ్గరి నుంచి అప్పుడే వచ్చి కూర్చున్నారు రాయమల్లు, ఆయన కూతురు సృజన. కరీంనగర్‌లో నర్సింగు చదివే పిల్లను పోయిన నెలే కాలేజీ మాన్పించి ఇంటికి తెచ్చుకున్నాడాయన. ఇప్పుడాయన చేతిలో కళ్లలో వేసే చుక్కల మందు.

"తల మీదికెత్తు బిడ్డా. పైకి సూడు."

"నేనేసుకుంట బాపు, ఇటియ్యి."

"నువ్వు ఊకో. ఔ గని, డాక్టరమ్మ ఏమన్నదో ఇంకోసారి చెప్పు. నాకు సమజ్ గాలే."

"అయ్యింది నీకు."

"జర చెప్పరాదు."

"మాస్క్ ముక్కు కాడ వదులుగుంటే ఊపిరంత మీదికి కొడుతదట. పొద్దుగాల క్లాసు, పగటీలి వార్డు, మాపటికి హాస్టలు, దినమంత మూతికి గదే. కండ్లు ఎండిపోయినయట."

"ఎండిపోతే నీళ్లెట్ల కారినయే?"

"ఎండిపోయినయి గాబట్టే. మంటకు కారుతయట."

"అంటే... నేను వీడియో కాల్ల చూసింది..."

"మంటనే."

"ఏడుపు గాదు?"

"ఎన్నిసార్లు చెప్పిన బాపు! మంచిగనే ఉన్న, మంచిగనే ఉన్న అని మొత్తుకున్న."

"గదే, గా మాటనే నన్ను ఆగం జేసింది! మస్కట్ల ఉన్నప్పుడు మీ అవ్వకు నేను చెప్పింది గదే మాట. ఎండల పనిజేసి రూముకొచ్చి, దుప్పటి కప్పుకొని ఏడ్సుకుంటనే, ఫోన్ల మంచిగనే ఉన్న అంటుంటి. నీ నోటెంట గా మాట రాంగనే, మాస్క్ మీద నీళ్లు నిండిన కండ్లు చూడంగనే... నా పానం ఆగలే."

"నన్నడగొద్దా మరి?"

"అడిగితే మీ అవ్వకు నేను చెప్పిన్నా?"

"నేను సంబురంతోటి చేసిన బాపు గా ఫోను. వార్డుల ఒక ముసలవ్వకు సెలైన్ పెట్టిన, ఒక్కసారికే నరం దొరికింది, నీకు చెప్పుదామని చేసిన. నువ్వేమో ఫోన్ పెట్టేసి బస్సెక్కినవ్."

"ఏడుస్తున్నవనుకునే ఎక్కిన."

"యుమ్నా గూడ చెప్పింది గద నీకు. అంకుల్, నా కండ్లు గూడ గిట్లనే మండుతున్నయ్ అని."

"నీ దోస్తు గద, కప్పిపెడుతుందనుకున్న."

"కాలేజీ మేడంనేమో నానా మాటలన్నవ్. పిల్లలను ఏడిపిచ్చుకతింటున్నరన్నవ్."

"అన్న. అందరి ముంగట అన్న. తప్పు నాదే బిడ్డా, నా నోరు పడిపోను. రేపే పోదాం కరీంనగర్. మేడం కాళ్లు మొక్కుత."

"వద్దు బాపు."

"ఎందుకొద్దు? మొక్కితే నాకేం అరిగిపోతది? నీ సీటు..."

"యుమ్నా ఫోన్ జేసింది."

"ఏమన్నది? ఏమన్నదే, చెప్పు!"

"నా సీట్ల వేరే పిల్ల చేరిందట. హాస్టల్ల నా మంచం గూడ ఆ పిల్లకే ఇచ్చిన్రట."

"ఎప్పుడు?"

"సోమవారం."

"సోమవారం నుంచి కడుపుల పెట్టుకున్నవా? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పరేషాన్ అయితవని."

"అయ్యో బిడ్డా... నా చేతుల్తోనే చేసిన గద."

"ఇడిసిపెట్టు తియ్. వచ్చే ఏడు మల్ల సీటు రాకపోతదా. నేను మంచిగనే ఉన్న బాపు."

"ఊ... తల ఎత్తు. నాకు గూడ మసక మసక కొడుతున్నది. అరే, మందంత చెంపల మీదికే కారవట్టె! కదలకు బిడ్డా, కండ్లు మూసుకో."

"సీసా మూత ఇంక తియ్యలే బాపు నువ్వు."