కత్తెరతో ఒక మాట

వరస తప్పితే తప్పనీ కత్తెరా, నువ్వు మధ్యలో అడ్డు రాకు. ఈ మధ్య ముందుది వెనక, వెనకది ముందు చెప్పేస్తున్నాను. మొన్న టీలో ఉప్పు వేసుకుని, పాలు పాడయ్యాయని పాలవాడితో పోట్లాడాను. పాపం, డబ్బు వద్దని వెళ్ళిపోయాడు. మా అమ్మాయి వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించింది. నా బుర్రకీ ఒకటి అంటించవే, ఇందులో ఏముందో నాకూ తెలియాలిగా అన్నాను.

ముందు కూర్చో. తొమ్మిదేళ్ళుగా వస్తున్నావు, ఇప్పటికీ కుర్చీ అంచునే కూర్చుంటావు, రిఫరీ ఈల వేస్తే లేచిపోవాలన్నట్టు. వెనక్కి ఆనుకో. విరగదులే, పోయినసారి దానికి మేకులు కొట్టింది నువ్వేగా.

ఏమిటన్నావు, ఆ ఉద్యోగం వద్దని చెప్పేస్తావా? సాయంత్రం నాలుగింటిలోపా?

బాగుంది. మా అబ్బాయి ఆడిన ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు కబురుపెట్టి, మా పిల్లలకి ఆట నేర్పు బాబూ అంటే, ఆ గ్రౌండులో అడుగు పెట్టే మొహం లేదంటావు. మొహానికేం, బాగానే ఉంది. కాస్త లావయ్యావు, అంతే.

తెలుసు, తెలుసు. మావాడి కాలు తీసి ఆట మాన్పించినవాడివి. ఆ జనం మర్చిపోరు. నీకు కత్తెర అని పేరు పెట్టిందీ వాళ్ళే, రెండు కాళ్ళూ చాచి జారుతూ వచ్చి బంతి కత్తిరించుకుపోతావని. నేను మటుకు ముద్దుగానే పిలుస్తున్నాను. నీ అసలు పేరు ఎవరైనా చెప్పారో లేదో కూడా గుర్తు లేదు.

మావాణ్ణి నువ్వు చూసింది ఎంతసేపని? ఆ ఒక్క ఆట. అది కూడా అరవయ్యో నిమిషం దాకా. నేను పద్నాలుగేళ్ళు చూశాను.

పదహారేళ్ళప్పుడు చేరాడు. మిడ్‌ఫీల్డర్ అన్నాడు. అంటే ఏం చేస్తావురా అంటే, మధ్యలో ఉంటానమ్మా అన్నాడు. నాకేం అర్థమవుతుంది? నేను చదివింది నాలుగో తరగతి. పేపర్లో ఆటల పేజీ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టి, లైబ్రరీ పుస్తకాల దాకా పోయాను. గోలు కొట్టినవాడి పేరు ఉంటుంది. గోలు ఆపినవాడి పేరు ఉంటుంది. మధ్యలో బంతి అందుకుని పక్కవాడికి అందించేవాడి పేరు వెతికి వెతికి నా కళ్ళజోడు నంబరు పెరిగింది.

మొత్తం మూడు గోల్సు కొట్టాడు. అందులో ఒకటి సొంత గోల్లో. నవ్వు, పరవాలేదు. వాడి ఎదురుగానే అనేదాన్ని.

కానీ ఒకటి చెబుతాను. బంతి తన దగ్గరికి వచ్చేలోపు మెడ తిప్పి వెనకాల ఎవరున్నారో రెండుసార్లు చూసుకునేవాడు. ఇంట్లోనూ అంతే. కూర గిన్నె అందిస్తే అటూ ఇటూ చూసి గాని చెయ్యి చాపడు. 'అన్నయ్యా, ఇక్కడ నీ దగ్గర లాక్కునేవాళ్ళెవరూ లేరులే' అని వాళ్ళ చెల్లెలు ఏడిపించేది. ఆ గిన్నె మళ్ళీ ఎవరికి కావాలో అడగకుండానే వాళ్ళ ముందు పెట్టేవాడు. మధ్యలో ఉండటమంటే ఏమిటో నాకు భోజనాల బల్ల దగ్గరే తెలిసింది.

ఎక్కడున్నాను? ఆఁ, మోకాలు.

లేదు, మోకాలి మాట ఇంకా చెప్పలేదు కదూ. చూడు, ఇది మటుకు వరస తప్పకూడదు. పొద్దున నువ్వు వస్తానని ఫోన్ చేసిన దగ్గర్నుంచీ లోపల అనుకుంటూనే ఉన్నాను. ముందు ఆసుపత్రి. తరవాత ఆట. ముందు ఆసుపత్రి. తరవాత ఆట.

నువ్వు అనుకునేది తిరగేసి ఉంది, అవునా?

మీ ఆటకి ముందు, ఆ ఏడాదంతా వాడు మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. అదేం నడకరా, మేడ మీద ఎవరికైనా దణ్ణం పెడుతున్నావా అన్నాను. నవ్వాడు. బాత్రూములో బకెట్టు నిండా ఐసు పెట్టుకుని గంటలకొద్దీ కాలు ముంచేవాడు. పెళ్ళాంతో, దెబ్బ తగిలింది, తగ్గిపోతుందనేవాడు. ఆసుపత్రికి నన్ను ఒక్కదాన్నే తీసుకెళ్ళాడు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకి పెట్టి, ఎముకల మధ్య గుజ్జు లేదు, ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, ఇవాళే మానెయ్యి అన్నాడు. ఇంకొక్క ఆట అన్నాడు మావాడు. సొంత గ్రౌండులో, అంతే, తరవాత చెప్పేస్తాను అని.

ఆ ఒక్క ఆటలో నువ్వు ఎదురొచ్చావు.

నీ కాలు తగల్లేదని అనను. తగిలింది. నేను మూడో వరసలో కూర్చున్నాను, కనబడింది. కానీ ముందు బంతికే తగిలింది. వాడి కాలు ఆలస్యంగా వచ్చింది. ఇది నా మాట కాదు, వాడే అన్నాడు, ఇంటికొచ్చాక, మంచం మీద పడుకుని, గోడకేసి చూస్తూ. 'వాడు బంతే తీశాడమ్మా. నా కాలే రాలేదు.'

మరి ఎందుకు చెప్పలేదంటావు. నువ్వు ఆట మర్నాడే ఆసుపత్రికి వచ్చావు, తల వంచుకుని, పట్టుకొచ్చిన పళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక. నేను నోరు తెరిచాను. వాడు దుప్పటి కింద నుంచి నా చెయ్యి నొక్కాడు. మానేశాను.

ఆ నెలంతా పేపర్లు తెచ్చి పెట్టుకున్నాను. పద్నాలుగేళ్ళలో ఎన్నడూ అంత పెద్ద అక్షరాల్లో వాడి పేరు చూడలేదు. జట్టుకి వాడు గడియారమట. గడియారాన్ని నువ్వు పగలగొట్టావట. మోకాలు అరిగి మానేశాడంటే రెండు లైన్లు రాసేవాళ్ళా? పడ్డాడు కాబట్టి రాశారు. నాకూ బాగానే అనిపించింది, ఏం దాచుకోను. నీకు ఎర్ర కార్డు, ఆరు ఆటల నిషేధం, వీధిలో తిట్లు. నేనేమో కత్తెర తీసుకుని ఆ ముక్కలు జాగ్రత్తగా కత్తిరించుకున్నాను.

ఇప్పుడు పక్క ఊళ్ళో బళ్ళో పిల్లల్ని ఆడిస్తున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తాడు. నీ మాట ఎత్తితే, అమ్మా, మందులు వేసుకున్నావా అంటాడు. నీ మీద కోపమని నువ్వనుకున్నావు. అలాగే అనుకోనిచ్చాను. కోపం కాదు బాబూ, సిగ్గు.

వాడి సంగతి అది. నా సంగతి వేరు.

మొదటి ఏడాదే చెప్పి ఉండాల్సింది. కానీ నువ్వు వస్తే కిటికీ గడియ పడేది, బల్బు వెలిగేది. చిన్న అక్షరాలు చదువుకోమని భూతద్దం తెచ్చావు. నేను చెప్పిందే మళ్ళీ చెప్పినా మొదటిసారి విన్నట్టు వినేవాడివి. నిజం చెబితే ఇక ఎందుకు వస్తాడు అనుకున్నాను. వచ్చేసారి చెబుదాం, వచ్చేసారి చెబుదాం అని తొమ్మిదేళ్ళు నీ తల వంచి ఉంచాను. ఇప్పుడు ఇంకోసారి ఆగితే నాకే గుర్తుండదు. అప్పుడు నువ్వే తప్పు చేశావని నేనూ నమ్మేస్తాను.

అలా చూడకు. తిట్టాలనుంటే తిట్టు.

వాడికి ఫోన్ చేస్తావా? చెయ్యి. అమ్మకి మతి తప్పిందిరా, ఏదో కలిపి చెబుతోంది అంటాడు. అనేస్తాడు, నాకు తెలుసు. అందుకే దీన్ని పొద్దున్నే బీరువా మీద నుంచి దింపించాను. పెద్ద కవరు, అదే, ఆ ఫిల్మ్. పారేశానని వాడితో చెప్పాను. ఎప్పుడు తీశారో తారీఖు దాని మీదే ఉంది. ఆట ఏ తారీఖో నీకు ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు.

నువ్వు ఇక రాకపోయినా నేనేం అనుకోను. నాలుగింటిలోపు మటుకు వెళ్ళి సరేనను.

అమ్మాయీ, స్టవ్వు కట్టేసి ఇలా రా. నువ్వూ ఇంతవరకూ విననిది, వినాల్సింది. ఈ కవరు మీద డాక్టరు పేరు, మీ అన్నయ్య పేరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, కింద తారీఖు కాస్త గట్టిగా చదువు. నేను చదివితే చెల్లదు.